ఊదారాతి కప్పు

జనవరి 9

తమ్ముణ్ణి ఈ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాను. బయల్దేరేముందు డాక్టరమ్మ నన్ను మెట్ల దగ్గరకి పిలిచి, "లివర్ ముప్పావు వంతు పోయింది. ఇంకోసారి తాగితే నా దగ్గరకి తీసుకురాకండి. తెచ్చినా నేను చేసేదేం ఉండదు," అంది. మనిషి మంచిదే, మాటే పదును. నేను తల ఊపాను. వాడు అప్పటికే రోడ్డు మీద సంచీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆవిడ నా మీద ఏం చెప్పింది?"

"బాగా తినమంది."

"నీకు అబద్ధం అబ్బదే. నోరెండిపోతుంది చూడు," అని నవ్వాడు.

మధ్యాహ్నం వాడు పడుకున్నాక ఈ పుస్తకం తీశాను. ఎవరితోనూ చెప్పుకోలేని సంగతులు ఎక్కడో ఒక చోట పెట్టుకోవాలి కదా. దుకాణంలో రాళ్లతో పాటు ఇచ్చే చీటీల మీద రోజూ కథలు రాస్తాను. ఈ రాయి ధైర్యమిస్తుంది, ఆ రాయి నిద్ర పట్టిస్తుంది అని. ఇందులో మాత్రం నిజాలే రాసుకుంటాను.

జనవరి 12

ఇల్లంతా గాలించాను. బీరువా వెనక రెండు సీసాలు, పిండి డబ్బాలో ఒకటి, నాన్న పాత బూట్లలో ఒకటి. అన్నీ సింకులో పారబోశాను. వాడు కుర్చీలో కూర్చుని చూస్తూ, "బూట్లలోది నాకే గుర్తు లేదక్కా, బాగా పట్టావు," అన్నాడు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు ఈ ఇంట్లో ఒక్క చుక్క లేదు.

జనవరి 15

చేతులు ఆగడం లేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోతున్నాయి. తినిపించబోతే ఊరుకోలేదు.

జనవరి 16

ఆగడం లేదు.

జనవరి 19

వెనక గదిలో సాన చక్రం దగ్గర కూర్చుంటానన్నాడు. సరే అన్నాను. రాయిని కర్ర కొనకి లక్కతో అంటించడం మేము అక్షరాలు రాకముందే నేర్చుకున్న పని. ఈ రోజు వాడి చేతిలో మూడుసార్లు జారిపోయింది. మూడోసారి కర్రని గోడకేసి కొట్టాడు. లక్క వదిలించే స్పిరిట్ గిన్నె కూడా తన్నేశాడు. ఇల్లంతా ఆ వాసనేనట, పక్కింటావిడ ముక్కు మూసుకుంది. నాకేం తెలియలేదు. చిన్నప్పుడు బళ్లో నా పక్కన కూర్చున్న పిల్లలు నా జడ వాసన చూసి నాకు 'ఆసుపత్రి' అని పేరు పెట్టారు. ఆ వాసనలోనే పుట్టి పెరిగినవాళ్లం, మాకు అది గాలితో సమానం.

తర్వాత వాడు నేల తుడుస్తూ, "నేను ఇక దేనికీ పనికిరానక్కా," అన్నాడు. "నోర్ముయ్," అన్నాను.

జనవరి 24

ఒక పెద్దమనిషి వచ్చాడు. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని దుకాణం మొత్తాన్ని పరీక్ష పేపరులా చూశాడు. గుడ్డలో చుట్టి తెచ్చిన ముద్ద విప్పి బల్ల మీద పెట్టాడు. ఊదారాయి. పుస్తకాల్లో అమెథిస్ట్ అంటారు. మనిషి తలకాయంత ఉంది. అంత పెద్దది, అంత ముదురు రంగుది, మధ్యలో మచ్చ లేనిది నేను ఎప్పుడూ చూడలేదు.

"దీన్ని ఒక్క ముక్కగా తొలిచి తాగే కప్పు చేయాలి. అతుకు ఉండకూడదు. ఊళ్లో అందరూ మీ తమ్ముడి పేరే చెప్పారు," అన్నాడు.

వాడి సంగతి కూడా చెప్పే ఉంటారు. మర్యాదస్థుడు, ఆ ముక్క మింగేశాడు. నేను, "చేస్తాడండీ," అనేశాను. నోరు జారింది. కానీ వాడు లోపలి నుంచి వచ్చి రాయిని రెండు చేతులా ఎత్తి వెలుతురులో తిప్పినప్పుడు వాడి ముఖం చూశాను. ఎన్నేళ్లయిందో ఆ ముఖం చూసి.

ఆయన వెళ్లాక వాడు పడీపడీ నవ్వాడు. "తాగుడు మాన్పించే రాయిని తెచ్చి తాగుబోతు చేతిలో పెట్టాడు. అది కూడా కప్పు చేయమని! ఎవడో నాతో ఆడుకుంటున్నాడక్కా."

జనవరి 28

కళ్లజోడాయన కప్పుతో పాటు రాయి కథ కూడా రాసిమ్మన్నాడు. అద్దాల బీరువాలో పక్కన పెట్టుకుంటాడట. రెండు పూటలు గ్రంథాలయంలో కూర్చున్నాను. ఇన్నేళ్లు చీటీల మీద చేతికొచ్చింది రాసిన దాన్ని, మొదటిసారి చదివి రాస్తున్నాను.

పేరు గ్రీకుది, మత్తెక్కనిది అని అర్థం. ఒంటి మీద ఈ రాయి ఉంటే ఎంత తాగినా మత్తెక్కదని నమ్మారట. పాతకాలపు రోమన్ ఒకాయన అప్పట్లోనే ఇదంతా మంత్రగాళ్ల బూటకమని తిట్టిపోశాడు. ఆయన మాట ఎవరు చెవిన పెట్టారు గనక. తర్వాత బిషప్పులు నిగ్రహానికి గుర్తుగా ఉంగరాల్లో పెట్టుకున్నారు. ఊదా రాజుల రంగు కాబట్టి రాజులు కిరీటాల్లో పెట్టుకున్నారు. ఒకప్పుడు కెంపుతో, నీలంతో సమానంగా చూసేవారు. సముద్రం అవతల గుట్టలు గుట్టలుగా దొరికాక ఒక్కసారిగా దిగజారింది. రాయి అదే, రంగు అదే. పాపం, ఎక్కువ ఉండటమే దాని తప్పు.

ఒక అమ్మాయి కథ కూడా ఉంది. మద్యం దేవుడి కోపం నుంచి కాపాడటానికి ఇంకో దేవత ఆమెను తెల్లరాయిగా మార్చిందట. దేవుడు ఏడ్చి, ఆ రాయి మీద తన వైన్ పోస్తే ఊదాగా మారిందట. అందరూ గ్రీకు పురాణమనే చెప్తారు. తీరా చూస్తే నాలుగు వందల చిల్లర ఏళ్ల కిందట ఒక ఫ్రెంచి కవి అల్లిన కథ. నాకు ఒళ్లు మండింది. ఇదే కథ ఎన్ని చీటీల మీద రాశానో.

తమ్ముడికి అన్నిట్లోకీ నచ్చింది వేరే ఉంది. గ్రీకు విందులో యజమాని తన ఊదా కప్పులో ఉత్త నీళ్లు పోసుకునేవాడట. రంగు వల్ల వైన్ లాగే కనిపించేది. అతిథులు తూలిపోతుంటే ఆయన మాత్రం నిటారుగా కూర్చునేవాడు. నమ్మకం అలా పుట్టి ఉంటుందని కొందరు అంటారు. చదివి వినిపిస్తే వాడు బల్ల చరిచాడు. "ఘటికుడక్కా! ఆ కప్పులో ఏముందో వాడికి తప్ప ఎవడికీ తెలీదన్న మాట."

ఎండలో చాలాకాలం ఉంటే రంగు వెలిసిపోతుందని, బాగా కాలిస్తే పసుపెక్కుతుందని కూడా ఉంది. ఈ రెండూ కళ్లజోడాయనకి రాయను.

ఫిబ్రవరి 2

మరదలు ఫోన్ చేసింది. వాడి మీద కోపంతో పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయిన మనిషి. "వదినా, ఆయన మాట నాకొద్దు. వంద సార్లు విన్నాను. మీరు చెప్పండి. మానేశాడని మీరంటే పాపని తీసుకుని వచ్చేస్తా," అంది.

"ఇంకొన్నాళ్లు ఆగమ్మా," అన్నాను.

వాడు చక్రం ఆపి వింటున్నాడు. ఏమీ అడగలేదు. నేను ఫోన్ పెట్టేశాక మళ్లీ చక్రం తిప్పుకున్నాడు.

ఫిబ్రవరి 6

చేతులు ఆగాయి! పొద్దున టీ కప్పు సాసరుతో సహా ఎత్తి పట్టుకుని, "చూడు," అన్నాడు. చిన్న చప్పుడు కూడా లేదు. నేను వంటగదిలోకి వెళ్లి ఏడ్చాను.

మా పనిలో మనిషిని చేతులే చెప్తాయి. నాన్న ఎవరినైనా పనిలో పెట్టుకునేముందు ముఖం చూసేవాడు కాదు, చేతులు చాపమనేవాడు. ఈ చేతులు చూస్తే నాన్న ఇప్పుడే చక్రం దగ్గర కూర్చోబెట్టేవాడు.

ఫిబ్రవరి 11

తొలవడం మొదలైంది. పొద్దున కూర్చుంటే భోజనానికి కూడా లేవడం లేదు. రాయి పొడి జుట్టు మీద, కనుబొమల మీద. ఈల వేస్తున్నాడు. వాడి ఈల విని పక్కింటావిడ కూడా, "మీ తమ్ముడు మారాడమ్మా," అంది.

స్పిరిట్ డబ్బా ఖాళీ అయితే ఇంకోటి తెప్పించాను. డబ్బాలతను, "మొన్నేగా ఇచ్చాను అక్కా. పని జోరందుకుందా?" అన్నాడు. "జోరే," అన్నాను గొప్పగా.

కప్పుకి లక్క అక్కర్లేదు. మధ్యమధ్యలో చిన్న రాళ్లు కూడా చేస్తున్నట్టున్నాడు.

ఫిబ్రవరి 20

కప్పు లోపలి పని అయిపోయింది. వెలుతురుకి ఎదురుగా పెడితే గది గోడంతా ఊదాగా అయింది. నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. వాడు మాత్రం వెనక్కి తిరిగి చేతులు కడుక్కుంటున్నాడు. పొగిడితే వాడికి సిగ్గు, చిన్నప్పటి నుంచీ అంతే.

ఇక కారుతుందేమో చూడాలి. కంటికి కనపడని పగులు ఉంటే కప్పు పనికిరాదు. అంచుదాకా నీళ్లు పోసి ఒక రోజు కదపకుండా ఉంచాలి. వాడే పోసి, తన గదిలో అలమర మీద పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 21

వేలెడు దిగింది.

ఫిబ్రవరి 22

మళ్లీ నింపాడు. మళ్లీ దిగింది. ఈసారి రెండు వేళ్లు. కింద పరిచిన కాగితం పొడిగానే ఉంది. అంటే పగులు చాలా సన్నగా ఉందన్న మాట, కారింది కారినట్టే ఆరిపోతోంది. కప్పు కడిగి తుడిచి భూతద్దంతో పొద్దంతా వెతికాను. దొరకలేదు. అడుగున ఒక సన్నని గీత ఉంది కానీ అది రాయి పుట్టుకతో వచ్చినదే.

వాడు నా వెనకే నిలబడి, "వదిలెయ్ అక్కా. నీ కళ్లు పోతాయి," అన్నాడు. "నువ్వు ఇంత కష్టపడి చేస్తే ఎలా వదిలేస్తాను?" అన్నాను. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఏదో చెప్తాడనుకున్నాను.

ఫిబ్రవరి 25

దిగుతూనే ఉంది. కప్పు కారుతోంది, ఇంకొంత గడువు కావాలి అని కళ్లజోడాయనకి కబురు పెట్టాను.

ఫిబ్రవరి 27

మరదలు మళ్లీ ఫోన్ చేసింది. నేను కిటికీ లోంచి వాడి చేతుల్నే చూస్తున్నాను. రాయి మీద చెక్కే వెంట్రుకంత గీత కూడా వంకర పోవడం లేదు.

"మానేశాడమ్మా. నాదీ పూచీ. వచ్చెయ్," అన్నాను.

అటు వైపు ఏడుపు వినిపించింది. ఫోన్ పెట్టేశాక నోరంతా ఎండిపోయి ఉంది, సంతోషానికి.

మార్చి 3

ఇల్లు ఇల్లులా ఉంది. మేనకోడలు చక్రాల గదిలోంచి రంగు ముక్కలు ఏరి జేబుల్లో నింపుకుంటోంది. "అత్తా, ఇది నాకా?" అని ప్రతి రాయికీ అడుగుతుంది. ఈ ఊళ్లో రాళ్లన్నీ నీకే అన్నాను. మరదలు వంటగదిలో నా చేతిలోంచి గరిటె లాక్కుంది. చాలా రోజులకి కూర్చుని తిన్నాను.

మార్చి 6

భోజనాల దగ్గర తమ్ముడు తన కప్పు తెచ్చుకున్నాడు. "పరీక్ష నీళ్లు పారబోయడం దేనికి, తాగేస్తే పోలా," అన్నాడు. పైకెత్తి పిల్లకి చూపిస్తూ, "చూడు, నాన్న రాజుగారిలా వైన్ తాగుతున్నాడు!" అన్నాడు.

"నీళ్లే! నీళ్లే! అత్త చెప్పింది!" అని అది గెంతింది. అందరం నవ్వాం. నాకు ఆ గ్రీకు విందు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

పిల్ల, "నాక్కూడా!" అంటూ కప్పు మీద చెయ్యి వేసింది. వాడు ఆ చేతి మీద ఒక్క దెబ్బ వేశాడు. "ముట్టుకోకు!" అని అరిచాడు. వాడి ముఖం తెల్లగా పాలిపోయింది. పిల్ల కాసేపు ఏడవడం కూడా మరిచిపోయింది. ఇంతవరకు వాడు దాని మీద చెయ్యి ఎత్తలేదు, ఎంత తాగి ఉన్నా.

అంత కష్టపడి చేసిన కప్పు. జారి పగిలితే? వాడి భయం వాడిది.

గిన్నెలు కడుగుతుంటే మరదలు వచ్చి పక్కన నిలబడింది. "వదినా, ఆ కప్పులో ఏముంది?"

"నీళ్లు."

"మీరు చూశారా?"

"రోజూ చూస్తూనే ఉన్నాగా."

చూస్తూనే ఉన్నాను. నిజమే చెప్పాను.

మార్చి 10

వాడు పొద్దున కప్పు కిటికీ దగ్గరకి తీసుకెళ్లి చాలాసేపు తిప్పాడు. "అక్కా, రంగు పోతోందే. తెల్లబడుతోంది," అన్నాడు.

నేను చూస్తే ముదురుగానే ఉంది. కానీ రంగు విషయంలో వాడి కన్ను నా కన్నా ఎప్పుడూ పదునే. నేను ఒక్కటే ఊదా అనే చోట వాడికి నాలుగు ఊదాలు కనిపిస్తాయి. వాడి గదికి ఎండ ఎక్కువ. పుస్తకంలో చదివి కూడా బుద్ధి లేకుండా కిటికీ పక్కనున్న అలమర మీదే పెట్టనిచ్చాను. వెంటనే రెండు దుప్పట్లు తెచ్చి కిటికీకి అడ్డంగా కొట్టాను.

మార్చి 12

దుప్పట్లు కట్టినా పోతోందంటున్నాడు. అంతా మంచు పట్టినట్టు ఉందట. కప్పు ఒక్కటే కాదు, పచ్చరాళ్లు కూడా వెలిసిపోయాయన్నాడు. పచ్చవి ఎండకి వెలిసిపోవు.

కిటికీకి మూడో దుప్పటి కూడా కొట్టాను.

డబ్బాలతను వచ్చాడు. ఈసారి ఏమీ అడగలేదు. డబ్బా గుమ్మంలో పెట్టి నా ముఖం వైపు చూసి వెళ్లిపోయాడు. ఈ మధ్య అందరికీ నా ముఖంలో ఏదో కనిపిస్తున్నట్టుంది.

మార్చి 14

చక్రం ఆగిపోయిన చప్పుడు కాదు, ఆగకుండా ఉత్తినే తిరుగుతున్న చప్పుడు విని లోపలికి వెళ్లాను. వాడు నేల మీద ఉన్నాడు. పిల్ల బళ్లో ఉంది, అదొక్కటే నయం.

మార్చి 15

వాణ్ణి మళ్లీ ఆసుపత్రికి తెచ్చినందుకు డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీ లాగి నా ఎదురుగా కూర్చుంది.

"మీ ఇంట్లో స్పిరిట్ ఉంటుందా?"

"మా పనే అది. అందరి ఇళ్లలో ఉప్పు ఉన్నట్టు ఉంటుంది."

"అదే తాగాడు. చాలా వారాలుగా. అది ముందు కళ్లని తింటుంది. కళ్లు మసకేస్తున్నాయని అతను మీతో అనలేదా?"

"అనలేదు," అన్నాను.

అనలేదు. రాయి రంగు పోతోందన్నాడు.

మార్చి 16

మధ్యాహ్నం ఎండ మంచం మీద పడుతోంది. వాడు కళ్లు తెరిచే ఉన్నాడు. "అక్కా, దీపం వెయ్యవూ," అన్నాడు. లేచి వెళ్లి స్విచ్ నొక్కి వచ్చాను. "ఇప్పుడు బావుంది," అన్నాడు. నాకోసం అన్నాడు.

కాసేపటికి, "నీకు చెప్దామనే అనుకున్నానే. నువ్వు ఆ పగులు వెతుకుతుంటే... చెప్పలేకపోయా," అన్నాడు.

"ఇప్పుడు మాట్లాడకురా."

"దొరికిందా?"

"వెతుకుతున్నాను," అన్నాను. నా చేతిని వెతుక్కుని పట్టుకున్నాడు. వాడి చెయ్యి మళ్లీ వణుకుతోంది.

మార్చి 18

పోయాడు.

మార్చి 27

ఇన్నాళ్లూ ఈ పుస్తకం ముట్టుకోలేదు.

మరదలు ఈ రోజు వెళ్లిపోయింది. సామాన్లు గుమ్మంలో పెట్టుకుని, పిల్లని రోడ్డు మీదకి పంపి, వెనక్కి వచ్చింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"వదినా, ఒక్కటే అడుగుతాను. మీ మాట మీద వచ్చాను. నా పిల్ల ఆ కప్పు మీద చెయ్యి వేసింది. మీకు తెలీదా? రాయి నాలుక మీద పెట్టుకుని అసలుదో నకిలీదో చెప్తారే, ఒక్కసారి ఆ నీళ్లు నోట్లో వేసుకుని చూడలేకపోయారా?"

"కప్పు కారిందమ్మా," అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. పిచ్చిదాన్ని చూసినట్టు కాదు. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఉంటే తట్టుకునేదాన్ని. తర్వాత సామాన్లు తీసుకుని వెళ్లిపోయింది. పిల్ల రోడ్డు మీద నుంచి చెయ్యి ఊపబోతే ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

ఏప్రిల్ 1

కళ్లజోడాయన కబురు చేశాడు. జరిగింది విన్నాడట, బాధపడ్డాడట. కప్పు పగిలిందైనా సరే, ఉన్నది ఉన్నట్టు తీసుకుంటానన్నాడు. ఇప్పుడే ఇవ్వలేను అని చెప్పించాను. పగులున్న సరుకు మా దుకాణం గడప దాటకూడదు. నాన్న నియమం.

ఏప్రిల్ 2

కిటికీ దుప్పట్లు విప్పేశాను. కప్పుని మూడుసార్లు కడిగి, దుకాణం బల్ల మీద తెల్ల కాగితం పరిచి దాని మీద పెట్టాను. కొళాయి నీళ్లు నేనే పట్టి నేనే అంచుదాకా పోశాను. నోట్లో కూడా వేసుకుని చూశాను. నీళ్లే.

పొద్దంతా ఎదురుగా కూర్చున్నాను. దుకాణం తెరవలేదు. ఎవరో తలుపు తట్టి వెళ్లిపోయారు. వెలుతురు బల్ల మీద నుంచి నేల మీదకి, నేల మీద నుంచి గోడ మీదకి పోయింది. కప్పులో నీళ్లు వైన్ లాగే ఉన్నాయి. వాడి పనితనం అంచు చుట్టూ ఎక్కడా తడబడలేదు.

సాయంత్రమైంది. అంచుదాకా అలాగే ఉంది. కాగితం పొడిగా ఉంది.

రేపు కూడా చూడాలి. కొన్ని పగుళ్లు మొదటి రోజు కారవు.